మ పక్కన ఖాళీ

సోమవారం

మునక గదిలోకి వెళ్ళేసరికి పోలమ్మత్త తెర ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏట్రా గౌరీ ఇది? ఇటికిలు పేర్సినట్టుంది," అంది.

నిజంగానే అలా ఉంది. గాలి పీడనం గీత ఎప్పటిలా ఊగుతోంది. తొట్ల బొమ్మలు వాటి రంగుల్లో అవి ఉన్నాయి. పేర్లు ఉండాల్సిన చోటల్లా ఖాళీ డబ్బాలు, ఒకదాని పక్కన ఒకటి. ఏ తొట్టి తూర్పుదో, ఏ మూత వంటశాలదో తెలియదు. ఎవరు లోపలికి వచ్చారో, ఎవరు బయట ఉన్నారో అసలే తెలియదు.

పోలమ్మత్త మా మూడో తెప్పకు సరంగు. తుఫాను వస్తే తెప్ప కడుపులోకి నీళ్ళు పట్టించి, అలలు తాకని లోతుకు దాన్ని దించేదీ, గాలి పోయాక మళ్ళీ తేల్చేదీ ఆవిడే. నేను ఆ గదిలో యంత్రాలు చూసుకుంటాను. మామూలు రోజుల్లో పొయ్యితోనైనా పంపుతోనైనా నోటితో చెబితే పని జరుగుతుంది. కానీ తొట్లు నిండేటప్పుడు పుట్టే హోరులో మనిషి మాట ఏ యంత్రానికీ వినబడదు. మునక గదిలో పనంతా కంటితో చూసి చేత్తో నొక్కాల్సిందే. అందుకే అక్కడ ఇంకా తెలుగు అక్షరాలున్నాయి. ఉండేవి.

గట్టు మీది కార్యాలయానికి ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అబ్బాయి మర్యాదస్తుడే. సిస్టమ్‌కు కొత్త అప్‌డేట్ పంపామని, ఎవరూ వాడని ఫాంట్లన్నీ తీసేశామని చెప్పాడు.

"మేం వాడుతున్నామండీ," అన్నాను.

"మా లెక్కలో ఎవరూ లేరండి. ఇప్పుడు అంతా మాటే కదండీ. అర్జీ పెట్టండి, చూస్తారు."

అండమాన్ వైపు వాయుగుండం అప్పటికే గట్టిపడుతోంది. అర్జీ చూసేదాకా అది ఆగదు.

పోలమ్మత్తకు విషయం ఇలా చెప్పాను. ఇన్నాళ్ళూ మన మునక అప్లికేషన్‌కు సొంత అక్షరాలు లేవు. సిస్టమ్‌ దగ్గర అడిగి తెచ్చుకుని తెర మీద పెట్టేది. ఇప్పుడు అడిగితే సిస్టమ్‌ లేవంటోంది. ఫాంటును అప్లికేషన్ లోపలే పెట్టి కట్టేస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

"సద్దిమూట కట్టుకున్నట్టు," అంది ఆవిడ.

"అంతే అత్తా."

"అయితే బేగి కట్టు. ఇటికిలు సూసి నాను తెప్ప ముంచలేను."

మంగళవారం

ఫాంటు కావాలి. గట్టు వాళ్ళ ఫాంటును ఇంకో ప్రోగ్రాములో పెట్టడానికి అనుమతి లేదు. పెట్టినా దానిలో తాళం ఉంటుంది, గడువు తీరాక మళ్ళీ డబ్బాలే.

రెండో తెప్పలో దాలినాయుడు మామ పడవల మీద పేర్లు రాస్తాడు. కొన్నేళ్ళ కింద తన అక్షరాలన్నీ కంప్యూటర్లో గీసి ఫాంటుగా చేసి పెట్టుకున్నాడని విన్నాను. రేడియోలో పిలిచాను. అడిగింది వినకుండా మొదట అరగంట తిట్టాడు, మమ్మల్ని కాదు, గట్టు వాళ్ళని.

"నా లిపి కొంటామని ఆళ్ళు రెండుసార్లు అడిగినారు. ఇవ్వను పొమ్మన్నాను. కొనుక్కుని తాళమేసి మల్లీ మనకే అద్దెకిత్తారు."

"మునక గదికి కావాలి మామా. తెప్ప దించాలి."

"మరి ఆ మాట ముందు సెప్పవేటి? పంపిత్తాను. అప్లికేషన్‌లో పెట్టుకో, పదిమందికీ ఇచ్చుకో. ఆ 'ళ' సూడు, ఎంత బాగా ఒచ్చిందో."

ఫాంటు వచ్చింది. అతను గొప్పలు చెప్పుకోవడంలో తప్పులేదు. అక్షరాలు లావుగా, దూరం నుంచి కూడా చదవగలిగేట్టు ఉన్నాయి. అప్లికేషన్‌లో పెట్టి కట్టాను. నా బల్ల మీది కంప్యూటర్లో చక్కగా నడిచింది. మునక గదిలో తెరను నడిపే మూసిన పెట్టెలోకి ఎక్కిస్తే అసలు తెరుచుకోలేదు.

ఆ పెట్టె తెప్ప కట్టిన నాటిది. నీళ్ళు చొరకుండా మైనం పోసి మూశారు, లోపల చోటు పెంచడానికి లేదు. నాయుడు మామ ఫాంటు దానికి చాలా పెద్దది. ఒక్కొక్క ఒత్తుకూ రెండేసి మూడేసి ఆకారాలు గీశాడాయన, ఏ అక్షరం కింద వస్తే ఎలా ఒదగాలో చూసుకుంటూ.

కోయక తప్పదు. మాకు కావలసినవి ఉంచి మిగతావి తీసేస్తే పెట్టెలో పడుతుంది.

బుధవారం

తెర మీద వచ్చే మాటలన్నీ పోగు చేశాను. తూర్పు తొట్టి, పడమటి తొట్టి, గాలి మూత, ఎత్తుడు చెయ్యి, పంపు ఆపు, పంపు నడుపు. ఇలా చివరిదాకా. ఆ మాటలకు పట్టే ఆకారాలు ఉంచమని, మిగతావి తీసేయమని ఫాంటు కోసే ప్రోగ్రాముకు చెప్పాను. ఫైలు నాలుగో వంతుకు దిగింది. పెట్టెలో పట్టింది. అప్లికేషన్ తెరుచుకుంది.

పోలమ్మత్త ఒక్కొక్క పేరూ వేలు పెట్టి పైకి చదివింది. నేను పక్కన నిలబడి విన్నాను. ఒక్క తప్పూ లేదు. మనుషుల జాబితా కూడా తెరిచి చూపించాను. అప్పన్న, నూకాలమ్మ, ఎర్రయ్య, పైడితల్లి. ఒత్తులన్నీ ఉన్నాయి.

"బాగుంది. అచ్చరాలు మునుపటికన్నా నిండుగున్నాయి," అంది.

నాకు గర్వంగానే ఉండింది. మధ్యాహ్నం ఐదో తెప్ప నుంచి కామేశు పిలిచాడు. వాళ్ళ తెర మీదా డబ్బాలేనట. అక్కడ నా పనే అతనూ చేస్తాడు. నా అప్లికేషన్ అతనికి పంపాను. సాయంత్రానికి వాళ్ళదీ బాగైందని కబురు పెట్టాడు.

మొదటి తెప్ప నుంచి నాచు పెంచే తాళ్ళ పనికి కొత్తగా కొందరు వచ్చారు. వాళ్ళలో రమ్య అనే అమ్మాయి మునక గదికి వచ్చి గోడకు చేరబడి నిలుచుంది. పాతికేళ్ళుంటాయి. అరచేతులు తాడు రాపిడికి నల్లబడి ఉన్నాయి.

"నా పేరు ఎక్కించాలట గదా అన్నా. నువ్వేనా ఎక్కించేది?"

"నాతో పనిలేదమ్మా. భోజనశాల దగ్గర యంత్రానికి నీ పేరు చెప్పు. అదే రాసుకుంటుంది. లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర అరచెయ్యి ఆనించు, ఇక్కడ నీ పేరు పచ్చబడుతుంది."

"పచ్చబడకపోతే?"

"నువ్వొచ్చేదాకా మూత పడదు."

సరేనని వెళ్ళింది.

గురువారం

గాలి తూర్పుకు తిరిగింది. కోళ్ళ గూళ్ళు, ఎండుచేపల బుట్టలు లోపలికి చేరుస్తున్నారు. వంటశాల పెద్ద రమ రెండు రోజులకు సరిపడా అన్నం పులిహోర కలిపి పెడుతోంది, మునిగినప్పుడు పొయ్యి వెలిగించకూడదు కనుక. నాచు పనివాళ్ళు బయటి తేలు మీదికి, అంటే తెప్పకు కట్టిన తేలే చట్రం మీదికి, వెళ్ళి తాళ్ళు విప్పుతున్నారు. విప్పకపోతే ఆ తాళ్ళు తెప్పను కిందికి దిగనివ్వవు.

రేపు మునక.

శుక్రవారం

ఇది మునిగిన తర్వాత రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయమని సరంగు చెప్పింది.

గాలి అనుకున్నదానికంటే ముందే వచ్చింది. గుమ్మం దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతూ లోపలికి వస్తున్నారు. తెర మీద పేర్లు ఒక్కొక్కటే పచ్చబడుతున్నాయి. పోలమ్మత్త నా భుజం మీదుగా జాబితా చూస్తోంది. నాచు వాళ్ళు రెండు గుంపులుగా వచ్చారు. వాళ్ళ మేస్త్రీ అప్పన్న తడిసి ముద్దయి గదిలోకి తొంగి చూసి, "మావోలందరూ ఒచ్చీసినారు," అని చెప్పి వెళ్ళాడు.

చివరికి ఒక్క పేరు బూడిద రంగులో మిగిలింది. రమ.

"రమ ఇక్కడే ఉందిగా," అంది పోలమ్మత్త. రమ అప్పుడే మా ఇద్దరికీ టీ తెచ్చి ఇచ్చి వెళ్ళింది. జాబితాలో కాస్త పైన ఇంకో రమ పచ్చగా ఉంది.

"రెండుసార్లు పడినట్టుందత్తా. కొత్తవాళ్ళ పేర్లు ఎక్కేటప్పుడు యంత్రం తప్పు విని ఉంటుంది."

"అయితే కొట్టీ."

నేనే కొట్టేశాను. జాబితా అంతా పచ్చబడింది. మూతలు పడ్డాయి. పంపులు మొదలయ్యాయి, గది హోరెత్తింది. తెప్ప మెల్లగా దిగడం మొదలైంది.

కొట్టేసిన పేర్లు తెర అడుగున చిన్న పట్టీలో కాసేపు ఉంటాయి. వాటి పక్కనే ఒక నిలువు గీత ఉంటుంది. మామూలుగా ఆ గీత పేరుకు ఆనుకునే ఉంటుంది. రమ అన్న పేరుకు మాత్రం గీత దూరంగా ఉంది. మ పక్కన ఒక అక్షరం పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

ఆ ఖాళీ ఎందుకొచ్చిందా అని చూస్తూ కూర్చున్నాను. తర్వాత బుధవారం వచ్చిన నాచు అమ్మాయి గుర్తొచ్చింది. వెతికే చోట 'రమ్య' అని టైపు చేశాను. తెర మీద 'రమ' అని పడింది, పక్కన అంతే ఖాళీతో.

నాయుడు మామ ఫాంటులో య ఒత్తుకు రెండు ఆకారాలున్నాయి. య కింద వచ్చేది ఒకటి, మిగతా అక్షరాల పక్కకు సాగేది ఇంకొకటి. నేను పోగు చేసిన మాటల్లో 'చెయ్యి' ఉంది కాబట్టి మొదటిది మిగిలింది. రెండోది ఒక్క మాటలోనూ రాలేదు. దాన్ని కోసేశాను. గీత పోయింది, గీతకు పట్టే చోటు పోలేదు. ఎర్రయ్య పేరు సరిగ్గా కనబడితే ఒత్తులన్నీ ఉన్నాయనుకున్నాను.

పంపు ఆపే మీట నొక్కాను. హోరు తగ్గింది. పోలమ్మత్త ఇటు తిరిగింది.

"ఎందుకాపినావు?"

"మనిషి బయట ఉందత్తా. రమ కాదు, రమ్య. నాచు తాళ్ళమ్మాయి. ఒత్తు కనబళ్ళేదు."

ఆవిడ తెర వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. గోడ మీది లోతు ముల్లు చూసింది. పై అంతస్తు అప్పటికే నీళ్ళ కింద ఉంది. తెప్ప నడినెత్తి మీద సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని గొంతు అంటాం. అది ఒక్కటే ఇంకా పైన ఉంది. సగం మునిగిన తెప్ప అలల్లో నిలవడం మంచిది కాదు. పూర్తిగా తేలినా బతుకుతుంది, పూర్తిగా మునిగినా బతుకుతుంది. మధ్యలో ఉంటే అలలు పట్టి విరుస్తాయి. లోపల నూట యాభై మంది దాకా ఉన్నారు, పసిపిల్లలతో సహా.

"గొంతు తీస్తాను," అంది. "నువ్విక్కడే కూకో. తెప్ప జానెడు దిగకూడదు, జానెడు లెగకూడదు. అప్పన్నని పిలవండి."

అప్పన్న నడుముకు తాడు కట్టుకుని గొంతులోంచి పైకి వెళ్ళాడు. నేనేమీ చూడలేదు. నాకు తెలిసింది తొట్ల గీతలు, మాట గొట్టంలోంచి వచ్చే గాలి రొద, మధ్యలో అప్పన్న కేకలు. తూర్పు అల వచ్చినప్పుడల్లా తూర్పు తొట్టి గీత పైకి పోయేది, నేను నీళ్ళు వదిలేవాణ్ణి. పడమటి అల వస్తే పట్టేవాణ్ణి. ఎక్కడో ఇనుము మూలిగింది. వంటశాలలో ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు.

"కనబడింది," అన్న మాట వచ్చింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"తూర్పు తొట్టి చీలుతోందత్తా," అన్నాను మాట గొట్టంలోకి.

"తెలుసు. నువ్వు పట్టుకో."

మళ్ళీ అప్పన్న కేక. "లాగండి. లాగండర్రా."

గొంతు మూత పడిన చప్పుడు విన్నాను. పోలమ్మత్త గది గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపింది. పంపులు నడిపాను. చీలిన తొట్టితో ఒక పక్కకు ఒరిగే తెప్ప దిగింది. అలల చప్పుడు క్రమంగా ఆగిపోయింది.

శుక్రవారం, తర్వాత

రమ్యను చూడటానికి వెళ్ళాను. పడుకోబెట్టారు. తేలుకూ తెప్పకూ మధ్య పడి కుడిచెయ్యి నలిగింది. రెండు వేళ్ళు నిలవవని మంత్రసాని చెప్పింది, మా తెప్పలో వైద్యం కూడా ఆవిడదే. రమ్య చివరి తాడు విప్పడానికి తేలు మీదే ఆగిపోయిందట, మూత పడ్డాక దాన్నే తేలు గుంజకు, తనకు కలిపి కట్టుకుందట. అందుకే దొరికింది.

ఎలా జరిగిందో చెప్పాను. నేనే కోశానని, నేనే కొట్టేశానని చెప్పాను. ఆమె కప్పు వైపు చూస్తూ వింది.

"మూత మూసీడం సూసినానన్నా," అంది. "నా పేరు పచ్చబడలేదు గదా, తీస్తారులే అనుకున్నాను. నువ్వు సెప్పినావు గదా."

"అవును, చెప్పాను," అన్నాను.

ఆమె ఇటు తిరిగింది. "మా తెప్పలో నాలాటి పేర్లే అన్నీ. సౌమ్య, విద్య, సంధ్య. మా అమ్మలందరికీ ఆ ఒత్తంటే ఇష్టం. మాకూ ఇదే పంపినావేటి?"

"మొదటి తెప్పకు పంపలేదు," అన్నాను. అంటూండగానే కామేశు గుర్తొచ్చాడు.

ఐదో తెప్ప మాకు ఉత్తరాన ఉంది. తుఫాను వాళ్ళ మీదికి ఇంకా వెళ్ళలేదు, వెళ్తోంది. వాళ్ళ సరంగు ఈపాటికి అదే జాబితా ముందు కూర్చుని ఉంటాడు. నీళ్ళ కింద నుంచి రేడియో పలకదు. తాడు కట్టి బుడగను పైకి వదిలితే దాని మీది తీగతో రేడియో పలుకుతుంది. కానీ పైన అలలు ఆ తాడును గుంజితే, తాడు దూరే రంధ్రం మూత ఊడిపోవచ్చు.

పోలమ్మత్త మొదట వద్దంది. "ఒక తొట్టి పోనాది. ఇంకో బెజ్జం నాను భరించలేను."

"అక్కడా మనుషులే అత్తా."

"నాకు నేర్పకు."

రమ్య గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలుచుంది. మంత్రసాని వెనకాలే అరుస్తోంది. "తాడు బిగించి వదల్తే మూత పోద్ది," అంది రమ్య. "బార బారకీ కాస్త వదులివ్వాలి, అల ఎక్కేటప్పుడు. ఎలాగో నాను సెప్తాను. పట్టుకోడానికి ఎవరినైనా ఇయ్యండి."

పోలమ్మత్త తానే వెళ్ళి తాడు పట్టుకుంది.

మాటలతో చెబితే గాలి రొదలో ఏమీ అర్థం కాదు, రాసే పంపాలి. కూర్చుని 'అత్యవసరం' అని మొదలుపెట్టాను. త పక్కన య. వాళ్ళ తెర మీద అది 'అత వసరం' అని పడుతుంది. చెరిపేశాను. తర్వాత ప్రతి మాటనూ నేను కోసిన ఫాంటులో పెట్టి చూసుకుంటూ రాశాను. చివరికి ఇలా వచ్చింది:

'కామేశూ, నేనిచ్చిన ఫాంటులో కొన్ని ఒత్తులు లేవు. పేర్లు తప్పుగా కనబడతాయి. తెర నమ్మొద్దు. మూత వేసే ముందు ఒక్కొక్కరినీ నోటితో పిలవండి. కొట్టేసిన పేరు ఉంటే ఆ మనిషి బయట ఉన్నట్టే.'

"ఇప్పుడొదులు," అంటోంది రమ్య. "ఇప్పుడు పట్టు. ఒదులు. ఒదులు." పోలమ్మత్త తాడు వదులుతోంది, పడుతోంది, చిన్నపిల్లలా చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. రంధ్రం అంచున నీళ్ళు సన్నగా చిమ్ముతున్నాయి. అప్పన్న గుడ్డలు కుక్కుతున్నాడు.

పంపాను. ఇంకోసారి పంపాను. మూడోసారి నొక్కేలోగా తాడు తెగింది.

జవాబు రాలేదు.

శనివారం

నీళ్ళ కిందే ఉన్నాం. పులిహోర పంచారు, నాకు దిగలేదు. రమ నా పక్కన కూర్చుని, "తిను బాబూ. నా పేరు కూడా అందులో ఉంది గదా, నాకూ అన్నం దిగట్లేదు, అయినా తిన్నాను," అంది. తిన్నాను.

ఆదివారం

తేలాం. తూర్పు పక్క ఒరిగి ఉంది. నాచు తోటంతా పోయింది, బయటి తేలు లేదు. రమ్య కట్టుకున్న గుంజ కూడా లేదు.

కొత్త తీగ బిగించే దాకా మునక గదిలోంచి కదల్లేదు. పోలమ్మత్త కూడా వెళ్ళలేదు. రేడియో పలకగానే, అప్పటికే వచ్చి ఆగి ఉన్న ఒక సందేశం తెర మీద పడింది. కామేశుది. పోలమ్మత్త నన్ను పక్కకు జరిపి తానే పైకి చదివింది.

'నీ మాట ఒకసారి అందింది. అప్పటికి మూతలు వేసీనాం. ఆదిత అని ఒక పేరుంటే అలాటి మనిషి మాకు లేదని కొట్టీనాం. నోటితో పిలిస్తే మా పడవల ఆదిత పలకలేదు. మూత తీసి తెచ్చుకున్నాం. ఇద్దరికి దెబ్బలు తగిలాయి. అందరం ఉన్నాం.'

రెండోసారి 'ఆదిత' దగ్గర ఆవిడ ఆగింది. పేరు చివర ఉన్న ఖాళీ మీద వేలు పెట్టి, "ఇక్కడ ఉండాల గదా య ఒత్తు," అంది. తర్వాత కుర్చీలో కూలబడింది. పోలమ్మత్త ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

బుధవారం

తొట్ల బొమ్మలన్నీ తీసేశాను. వాటి జాగాలో నాయుడు మామ ఫాంటు మొత్తం పెట్టాను, ఒక్క గీత కూడా కోయకుండా. బొమ్మలు లేకపోతే తెర బోసిగా ఉంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కామేశుకు కూడా ఇదే పంపాను. జరిగింది నాయుడు మామకు చెబితే ఈసారి తిట్టింది నన్నే. విన్నాను.

సభలో నన్ను మునక గది నుంచి తీసేయమని ఇద్దరు అడిగారు. పోలమ్మత్త లేచి, కొట్టీమన్నది తానని, తీసేస్తే ఇద్దర్నీ తీసేయమని అంది. చివరికి ఒకటి తేల్చారు. ఇక మీదట తెర ఏం చూపినా, మూత పడే ముందు ప్రతి మనిషినీ నోటితో పిలవాలి. జవాబు వినాలి.

పిలిచేది ఎవరన్న దగ్గర రమ్య లేచింది. చేతికి ఇంకా కట్టు ఉంది. తాళ్ళ పని ఇక చేయలేదు.

"నాను పిలుస్తాను," అంది.

గురువారం

పైన నీళ్ళు నిలకడగా ఉన్నాయి. తొట్టి అతికాక ఒక ఉత్త మునక చేసి చూడాలని సరంగు అంది. జనం లోపలికి వచ్చారు. రమ్య నా పక్కన నిలబడి జాబితా చూసి చదువుతోంది. ఒక్కొక్క పేరూ పిలిచి, జవాబు వచ్చేదాకా ఆగుతోంది. ఎర్రయ్య రెండుసార్లు పిలిస్తే గాని పలకలేదు, నిద్రపోతున్నాడు. రమ వంటశాల గుమ్మంలోంచి పలికింది.

తర్వాత వరస మీద రమ్య చూపు కాసేపు ఆగింది. తెర మీద ఆ ఒత్తు మ పక్కన నిండుగా, తోక కాస్త పైకి తిప్పి ఉంది.

"రమ్య," అని పిలిచింది, మిగతావాళ్ళను పిలిచినంత గట్టిగానే.

పోలమ్మత్త మీట మీద చెయ్యి పెట్టి ఎదురుచూస్తోంది.

"ఉన్నాను," అని తనే పలికి, కింది పేరుకు వెళ్ళింది.